మెత్తచెయ్యి పెట్టిన గాటు

ఆయనకు అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఓటర్ల జాబితాలో ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం దానితో ఎవరికీ పని పడలేదు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ ఆయన మెత్తచెయ్యే. కత్తి పట్టిన నాటి నుంచి ఒక్క చెంప మీదా గాటు పడనివ్వలేదని ఆ పేరు. జ్వరంతో వణికేవాళ్లకు గీశాడు, తాగి తూలేవాళ్లకు గీశాడు, పెళ్లిచూపులకు వెళ్తూ కుదురుగా కూర్చోలేని కుర్రాళ్లకు గీశాడు. నెత్తురు చుక్క కంటపడలేదు. డబ్బాలో పటిక ముక్క ఉండేది గానీ, గీశాక చల్లదనం కోసం రుద్దడమే తప్ప నెత్తురు ఆపే అవసరం దానికెప్పుడూ రాలేదు.

చెయ్యి మెత్తన, నోరు మాత్రం కాదు. "ఈ వీధిలో ప్రతి మగాడి గడ్డమూ పట్టుకుంటాను. బతిమాలడానికి మాత్రం ఎవడి గడ్డమూ పట్టుకోను" అనేవాడు. అని, అద్దంలోంచి అందరి ముఖాలూ చూసేవాడు, నవ్వారా లేదా అని. ఎన్నిసార్లు విన్న మాటైనా నవ్వేవాళ్లు. కత్తి ఆయన చేతిలో ఉంది మరి!

కొట్టు ఒక్కటే గది. వెనక తలుపు తీస్తే ఇల్లు, దాని వెనక చిన్న పెరడు. గదిలో మూల పగిలిన అద్దం, తోలు పట్టీ, గుమ్మం పక్కన బల్ల, మధ్యలో చెక్క కుర్చీ. ఆ కుర్చీకి ఒక కాలు కురచ. దాని కింద చెక్కముక్క పెడితేనే నిలబడుతుంది. తల ఆనించుకునే ఏర్పాటు లేదు, వాలదు, లేవదు. కూర్చున్నవాడు హాయిగానే ఉంటాడు. వంగి చేసేవాడి నడుమే ఏళ్ల తరబడి విరిగింది. సాయంత్రం కొట్టు కట్టేసేసరికి ఆయన నిటారుగా నిలబడడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. పెద్ద బజారులో ఒక దుకాణం అద్దాల వెనక నల్లతోలు కుర్చీ ఒకటుండేది. అటు వెళ్లినప్పుడల్లా దాని ముందు ఆగి, ఏదో బస్సు కోసం నిలబడ్డవాడిలా ముఖం పెట్టి చూసి వచ్చేవాడు.

ఆ వీధి కింద బొగ్గుంది. ఇళ్లు కట్టుకున్నప్పుడు ఎవరికీ తెలియదు, తెలిశాక ఎవరికీ కంటి మీద కునుకు లేదు. గని కంపెనీ వాళ్లొచ్చి ఇళ్లు ఇచ్చేయమన్నారు. వీధి కుదరదంది. ఉన్నవాళ్లు సంతకం పెట్టనిదే ఇల్లు తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదని కోర్టులో వాదించి, వీధిని నిలబెట్టినవాడు ప్లీడరు గారు. ఫీజు అడగలేదు. అడిగినా ఇచ్చే స్థితి కాదులెండి. అందుకే ఆయన ఏ పార్టీ లేకుండా ఎన్నికల్లో నిలబడితే, వీధి తన పనులు మానుకుని గడపగడపకూ తిరిగి, గెలిపించి పార్లమెంటుకు పంపింది.

బయల్దేరే రోజు ప్లీడరు గారు మెత్తచెయ్యి కొట్టుకే వచ్చాడు. చెక్క కుర్చీలో కూర్చుని, ముఖం నిండా నురగతో, గుమ్మంలో మూగిన జనం వినేలా ఒక మాటన్నాడు.

"మీ సంతకం లేకుండా మీ గడప ఎవడూ దాటడు. దాటనిచ్చానా, ఇదిగో, నా గొంతు ఈయన కత్తి కిందే ఉంటుంది. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

జనం ఈలలు వేశారు. "కదలకండి సార్, ఇప్పుడే తెగేలా ఉంది" అన్నాడు మెత్తచెయ్యి. అందరూ పడీపడీ నవ్వారు. ఆ మాట మాత్రం వీధికి కంఠతా వచ్చేసింది.

తర్వాత కొన్నాళ్లకు, ఆ సంతకం అక్కర్లేకుండానే నేల తీసుకోవచ్చని చట్టం మార్చే బిల్లు పార్లమెంటుకు వస్తోందని వార్తల్లో విన్నారు. విన్నారో లేదో, సఫారీ దిగాడు. సఫారీ సూటు వేసుకుంటాడు కాబట్టి వీధి పెట్టిన పేరు అది. ఏ పార్టీ మనిషో ఎవరూ అడగలేదు. దిగింది కంపెనీ కారులో, తలుచుకునేది మంత్రుల్ని, అదీ ముద్దుపేర్లతో. ఇంక అడగాల్సిందేముంది?

ఆయన వెనకే వ్యానులో నల్లతోలు కుర్చీ వచ్చింది. మీట తొక్కితే లేస్తుంది, ఇంకోటి నొక్కితే వెనక్కి వాలుతుంది, తలకు దిండు, పాదాలకు మెట్టు.

"ఇది నాకెందుకండీ?" అన్నాడు మెత్తచెయ్యి. అప్పటికే చెయ్యి దాని తోలు మీద ఉంది.

"చేతిపనివాళ్లకు సాయం. పైనుంచి వచ్చింది."

"బదులుగా నేనేం చెయ్యాలి?"

"ఏమీ వద్దు. మీ పని మీరు చేసుకోండి" అని సఫారీ చేతులు జోడించి మరీ వెళ్లాడు.

ఏమీ వద్దన్న మాటకే ఉలిక్కిపడాలి మనిషి! ఎదుటివాడి మాటకు ఎదురుమాట లేకుండా ఎన్నడూ ఊరుకోనివాడు ఆ రోజు వద్దని ఒక్క మాట అనలేదు. నడుం నొప్పి ఆయన తరఫున ఒప్పేసుకుంది. ఎవరిని అనగలం? డబ్బు ఈ రోజుల్లో మూటలెత్తుకుని దొడ్డిదారిన రాదు. మనకు ఎక్కడ నొప్పో కనుక్కుని, అక్కడికే నవ్వుతూ నడిచొస్తుంది.

"ఎక్కడిదయ్యా ఇది?" అంది భార్య.

"వాయిదాల మీద తీసుకున్నా."

"నీకెవరిచ్చారు వాయిదాలు?"

"నా ముఖం చూసి ఇచ్చారు."

"ఆ ముఖం నేనూ రోజూ చూస్తున్నాలే" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. పాత కుర్చీ పెరట్లోకి పోయింది. ఆ రాత్రి ఆయన నడుం నొప్పి లేకుండా పడుకున్నాడు. నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

బిల్లు ఓటింగు దగ్గరపడింది. అటా ఇటా అన్నది ఒకటి రెండు ఓట్ల మీద వేలాడుతోందని చెప్పుకున్నారు. పార్టీలు ఎవరి సభ్యుల మందను వాళ్లు హోటళ్లలోకి తోలి, ఫోన్లు లాక్కుని, తలుపులు వేసేశారు. ప్లీడరు గారు కూడా రాజధాని బయట ఒక హోటల్లో, అదీ పాలక పక్షం వాళ్ల హోటల్లో, ఉన్నాడని తెలిసింది. వీధి గుండె జారిపోయింది. "ఆయన మన మనిషి, లోపలికి దూరి వాళ్ల గుట్టు లాగుతుంటాడు" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పేవాడికీ నమ్మకం లేదు, వినేవాడికీ లేదు.

అలాంటప్పుడు సఫారీ మళ్లీ వచ్చాడు. ప్లీడరు గారి గొంతు మీద చిన్నప్పటి దెబ్బ తాలూకు బుడిపె ఉంది. దాన్ని తప్పించి గీయడం మెత్తచెయ్యికే తెలుసు, ఇంకెవరినీ ఆయన కత్తి పెట్టనివ్వడు. రేపు ఓటింగు, దేశమంతా టీవీలో చూస్తుంది. "కారెక్కండి" అన్నాడు సఫారీ.

కత్తులపెట్టె సర్దుకుంటుంటే పక్కనున్న టీకొట్టు బావ పరుగెత్తుకొచ్చాడు. మెత్తచెయ్యి చెల్లెలి మొగుడు. "ఒక్కసారి గొంతు నీ చేతికి చిక్కితే మాట దానంతటదే వస్తుంది, వదలకు బావా" అని చెవిలో వేశాడు.

భార్య గుమ్మం దాకా వచ్చింది. "ఓటు ఎటో అడుగు. ఇల్లుంటుందా పోతుందా, అదొక్కటే అడుగు. అటూ ఇటూగా ఉన్నాడనుకో, బతిమాలు."

"నేనెవరినీ బతిమాలను, తెలుసుగా."

"ఈ ఒక్కసారికీ బతిమాలు. ఇల్లు మనది" అంది.  ఆయన పెట్టె చంకన పెట్టుకుని కారెక్కాడు.

దారిలో సఫారీ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "అక్కడ ఆయనతో మాటలొద్దు. మనసు కరిగే మనిషి, అసలే నలిగిపోయి ఉన్నాడు. గీయండి, రండి." కొంచెం దూరం పోయాక, "కుర్చీ బాగుందా?" అన్నాడు.

"బాగుందండి" అన్నాడు మెత్తచెయ్యి.  ఏమీ వద్దన్నదానికి లెక్క ఇప్పుడు మొదలైందని అర్థమైంది.

మర్నాడు పొద్దున హోటల్ గదిలోకి తీసుకెళ్లే ముందు కాపలావాడు పెట్టె బోర్లించి తడిమాడు. కత్తిని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, అయిష్టంగా ఇచ్చి, తానూ లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పట్టపగలు తెరలు దించి దీపాలు వేసుకున్నారు. సోఫాలో సఫారీ. అద్దం ముందు ప్లీడరు గారు. కళ్ల కింద నలుపు, చొక్కా మాత్రం తళతళలాడుతోంది.

"వచ్చావా" అన్నాడు. అంతే. వీధిలో ఎవరెలా ఉన్నారని అడగలేదు. పేరుపేరునా అడిగే మనిషి!

మెత్తచెయ్యి తువ్వాలు కట్టాడు, నురగ పట్టించాడు, ఒక చెంప గీశాడు. నోట్లో మాట అక్కడక్కడే తిరుగుతోంది. రెండో చెంప సగంలో ఉండగా సఫారీ ఫోను మోగింది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లి అద్దాల తలుపు వేసుకున్నాడు. కాపలావాడు దూరంగా గోళ్లు చూసుకుంటున్నాడు. ఇప్పుడు అడక్కపోతే మరి లేదు.

"సార్" అన్నాడు చెవి దగ్గరకు వంగి. "వీధి అడగమంది. ఓటు ఎటు?"

"చూద్దాం." గుటక పడింది. గుటక పడేటప్పుడు గొంతు మీంచి కత్తి లేపాలి. పనిలో నేర్చుకున్న మొదటి పాఠం అది. లేపాడు.

"చూద్దామంటే ఏంటి సార్?"

"పరిహారం పెంచమని అడుగుతున్నాను. పెంచుతారు." మళ్లీ గుటక. మళ్లీ కత్తి లేచింది.

"పరిహారం కాదు సార్. సంతకం మాకు ఉంచండి. అది పోతే మేము లేనట్టే."

ప్లీడరు గారు కళ్లు మూసుకున్నాడు. బాల్కనీలో సఫారీ నవ్వుతున్నాడు, మాట వినబడటం లేదు గానీ పళ్లు కనబడుతున్నాయి. మెత్తచెయ్యి ఎడమచేత్తో గడ్డం పట్టుకున్నాడు. గొంతు కింద గీయాలంటే అలా పట్టుకుని పైకెత్తాలి, రోజూ పట్టుకునేదే. ఈసారి పట్టు వేరు. అది ఇద్దరికీ తెలిసింది.

"ఇన్నేళ్లలో ఎవరి గడ్డమూ ఇలా పట్టుకోలేదు సార్ నేను. బతిమాలుతున్నాను. కాదనండి. వాళ్లు ఏమిస్తామన్నా సరే, ఒక్కసారి కాదనండి."

ప్లీడరు గారు కళ్లు తెరిచాడు. నీళ్లు నిండి ఉన్నాయి.

"వాళ్లు మొదట ఏమీ అడగరు. నీ పని నువ్వు చేసుకో అంటారు. మా అమ్మాయి చదువుకి సాయమన్నారు. తర్వాత ఇల్లన్నారు. ఇప్పుడు మంత్రి పదవి. ఎక్కడ కాదనాలో తెలిసేలోపు కాదనే చోటు దాటిపోయింది." అని అద్దంలో మెత్తచెయ్యి ముఖంలోకి చూశాడు. "నీకూ కుర్చీ వచ్చిందటగా. నువ్వు కాదన్నావా?"

ఎగతాళిగా అని ఉంటే బాగుండేది, తిప్పికొట్టేవాడు. ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. ఎవరో ఒకరు, ఒక్కరంటే ఒక్కరు కాదన్నారని వింటే తనకూ ఇంకా దారి ఉందేమోనని ఆశపడుతున్నట్టు, గడ్డం ఆ చేతిలోనే వదిలేసి ఎదురుచూశాడు.

మెత్తచెయ్యికి తల తీసేసినట్టయింది. కాదన్నాను సార్ అనడానికి నోరుంది, అనడానికి ముఖం లేదు. అద్దంలోంచి చూపు తప్పించి కింద తివాచీ వైపు చూశాడు.

"అదీ సంగతి" అన్నాడు ప్లీడరు గారు మెల్లగా. గుటక పడింది.

ఈసారి కత్తి లేవలేదు. లేపాల్సినవాడు కిందికి చూస్తున్నాడు, చెయ్యి వణుకుతోంది. తెల్లటి నురగలో ఎర్రగా గీత పడింది, పడి పాకింది.

కాపలావాడు ఒక్క ఉరుకులో వచ్చి చెయ్యి మెలిపెట్టాడు. సఫారీ బాల్కనీ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏం చేశావ్! ఎవడు పంపాడు నిన్ను?" అని అరుస్తుంటే, "వదలండి. నేనే కదిలాను" అన్నాడు ప్లీడరు గారు. మెత్తచెయ్యి పటిక అద్దాడు. నెత్తురు ఆగలేదు. చివరికి ఎవరో ప్లాస్టరు తెచ్చి అంటించారు.

ఓటింగు అయ్యేదాకా మెత్తచెయ్యిని దుప్పట్లు ఉతికే గదిలో కూర్చోబెట్టి బయట గడియ వేశారు. అక్కడొక చిన్న టీవీ ఉంది. దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. కెమెరా వరుసగా ముఖాల మీదుగా పోతూ ప్లీడరు గారి దగ్గర ఆగింది. గొంతు మీద తెల్లటి ప్లాస్టరు. ఆయన చెయ్యి మీట మీదికి వెళ్లింది, ఆగింది.  ఆ చెయ్యి అలాగే ఉంది. ఉండి, నొక్కింది. బిల్లుకు అనుకూలం. తర్వాత బిల్లు గట్టెక్కిందని సభ్యులు బల్లలు చరిచారు.

"ఎవరో పాపం, గొంతు కోసుకున్నాడు" అంది ఒకావిడ, దుప్పటి మడత పెడుతూ.

బస్సు దిగి వీధి మొదట్లోకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కొట్టు ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఇళ్లు పోయాయన్న వార్త మోసుకొచ్చినవాణ్ని ఏమంటారో, అననీ అనుకుంటూ నడిచాడు. ఈలలు వినబడ్డాయి. ముందు అర్థం కాలేదు.

"వచ్చాడ్రా!" అని టీకొట్టు బావ ఎదురు పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. "గొంతు నీ కత్తి కిందేనన్నాడు, మాట తప్పాడు, వేశావు కదా గాటు! దేశమంతా చూసింది బావా! ఇల్లు పోతే పోయింది, మన పరువు నిలబెట్టావు!"

అమాంతం ఎత్తుకుని కొట్లోకి తీసుకెళ్లి నల్లతోలు కుర్చీలో కూర్చోబెట్టారు. బావ మీట తొక్కాడు. కుర్చీ పైకి లేచింది. అందరి తలల కంటే ఎత్తులో ఉన్నాడు మెత్తచెయ్యి. పగిలిన అద్దంలో వీధి వీధంతా కనబడుతోంది. పోగొట్టుకున్నవాళ్ల ముఖాలు అవి. ఒక్క గాటును పట్టుకుని ఆ పూటకు నవ్వుతున్నాయి. భార్య మాత్రం వెనక తలుపు దగ్గర నిలబడి, నవ్వకుండా ఆయన కుడిచెయ్యి వైపే చూస్తోంది. 

నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలిసేది కాదు. జీవితాంతం ఆ గాటు కథ చెప్పుకుంటూ బతకొచ్చు, అడిగినవాడికల్లా కొత్తగా చెప్పొచ్చు. ఆశ పుట్టింది, ఎందుకు పుట్టదు?

"దించు బావా" అన్నాడు.

"ఏంటి, తల తిరుగుతోందా?"

"దించు ముందు."

కుర్చీ దిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. "కోపంతో పెట్టింది కాదు ఆ గాటు. సిగ్గుతో చెయ్యి వణికి పడింది" అన్నాడు. బతిమాలిన సంగతి చెప్పాడు. ప్లీడరు గారు అడిగిన ప్రశ్న చెప్పాడు. "వాయిదాలూ లేవు, గీయిదాలూ లేవు. ఈ కుర్చీ సఫారీ ఇచ్చింది. కాదన్నావా అని అడిగితే నా నోట మాట రాలేదు. నేను కాదని ఉంటే ఆయన కూడా కాదనేవాడేమో. నాకు తెలీదు. అడిగినప్పుడు మాత్రం ఆయన నా జవాబు కోసం ఆగాడు."

ఎవరో ఒకరు తిడతారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. బావ కాలు ఇంకా మీట మీదే ఉంది. గోడ అవతల టీకొట్లో కొత్త ఫ్రిజ్ గుర్రుమంటున్న చప్పుడు వినబడుతోంది.

"ఫ్రిజ్ కూడా వాళ్లదే" అన్నాడు బావ తల దించుకుని. "పాత బాకీ వసూలైందని చెప్పాను మీ చెల్లెలికి."

గుడ్డలు కుట్టేవాడు ఉన్నట్టుండి పనేదో గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు. వాళ్లింట్లో కరెంటు మిషను చప్పుడు వీధి మొత్తం వింటూనే ఉంది. ఇంకొకడు, ఇంకొకడు. ఎవరింటికి కొత్తగా ఏమొచ్చిందో అందరికీ తెలుసు. ఎక్కడిదని ఎవరూ ఎవరినీ గట్టిగా అడగలేదు, తనను అడుగుతారేమోనని. కాసేపటికి కొట్లో భార్యాభర్తలే మిగిలారు.

"ఎంతకిచ్చారయ్యా ఆ కుర్చీ?" అంది ఆవిడ.

"సఫారీ ఇచ్చాడని చెప్పాను కదా, డబ్బు తీసుకోలేదు."

"విన్నాను. ఎంతకిచ్చారు అని అడుగుతున్నాను."

ఆయన గోడల వైపు చూశాడు, వెనక తలుపులోంచి కనబడుతున్న వంటగది వైపు చూశాడు.

"మనింటికి ఇచ్చారు" అన్నాడు.

ఆవిడ పెరట్లోకి వెళ్లి పాత చెక్క కుర్చీని ఈడ్చుకొచ్చి, అద్దం ముందు వేసి, కురచ కాలి కింద చెక్కముక్క తనే పెట్టింది.